గాలి మీద నేరం

శనివారం పొద్దున్న పది దాటి పది నిమిషాలకి నెట్ మళ్ళీ పోయింది.

ఆఫీసు గదిలో పని ఆగిపోయింది. కంప్యూటరు ముందు కూర్చున్న ఎవర్ట్ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. కనోలా అనే నూనెపంట విత్తనాలు రాయించుకోవడానికి వచ్చిన ముగ్గురు రైతులు తమ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. కాఫీ కూజా పట్టుకుని నిలబడ్డ గ్రీట మాత్రం, కిటికీ దగ్గరున్న ఒరెస్ట్ వైపు చూసింది. చెప్పానా లేదా అన్న చూపు అది.

శనివారం మధ్యాహ్నం లోపల నెట్ ఇంకొక్కసారి పోయిందంటే లెత్‌బ్రిడ్జి పట్నం నుంచి నెట్ కంపెనీ వాళ్ళని పిలిపిస్తాననీ, ఒరెస్ట్‌కి ఇక ఈ ఆఫీసులో పని ఉండదనీ ఎవర్ట్ బుధవారం నాడు భోజనాల బల్ల దగ్గర అనేశాడు. అన్నది ఎవర్టే గానీ, అనిపించింది వాళ్ళమ్మ గ్రీట. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవర్ట్ భార్య లారిసాకి మరీ బాగా తెలుసు. ఒరెస్ట్ ఆమె సొంత తమ్ముడు మరి.

అందుకే కాబోలు, మూడు రోజులుగా లారిసా అత్తగారితో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే ఉప్పుడబ్బా ఇటు జరుపుతుంది, తలుపు తీయాలంటే తీస్తుంది, కుర్చీ కావాలంటే వేస్తుంది. మాట మాత్రం లేదు. అరిచే కోడలైతే తిరిగి నాలుగు అరిచి మనసు తేలిక చేసుకోవచ్చు. ఇలా మర్యాదగా నోరు కుట్టేసుకునే కోడలితో ఏం చెయ్యాలో డెబ్బై నాలుగేళ్ళ గ్రీటకి ఎవరూ నేర్పలేదు.

రెండేళ్ళ క్రితం, అక్క మాట కాదనలేక, ఉత్తరాన ఉన్న ఇంటినీ తల్లినీ వదిలి ఈ ఊరు వచ్చాడు ఒరెస్ట్. అప్పటిదాకా ఎవర్ట్ విత్తనాల ఆర్డర్లన్నీ ఫోన్లో చెప్పించుకుని చేత్తో రాసుకునేవాడు. ఒరెస్ట్ వచ్చి, గుట్ట మీది టవర్ నుంచి వచ్చే నెట్‌ని పట్టడానికి ఇంటి కప్పు మీద డిష్ పెట్టాడు. దాని కేబుల్‌ని పెరటి వసారాలోకి దింపి, అక్కణ్ణించి ఇంటి ముందున్న ఆఫీసు గదికి లాగాడు. నిరుడంతా బంగారంలా పనిచేసింది. ఈ కొత్త సంవత్సరం వచ్చాకే దానికి ఏదో పట్టుకుంది.

వారంలో మిగతా రోజులన్నీ ఒరెస్ట్ లారీ మీద విత్తనాలు చేరవేస్తూ ఊళ్ళు తిరుగుతాడు. నెట్ పోయిందని ఫోన్ వస్తే, అతను తిరిగొచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. అప్పటికి నెట్ శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే కడుపునొప్పి లాగా. పైకెక్కి డిష్ చూసేవాడు, వసారాలో డిష్‌కి కరెంటు పంపే డబ్బా చూసేవాడు, కేబుల్ మార్చేవాడు. ఎక్కడా తప్పు కనిపించేది కాదు.

"అబ్బాయి వస్తే ఉంటుంది, వెళ్తే పోతుంది. ఇది నెట్టా, దయ్యమా?" అని గ్రీట ఓసారి అంటే ఎవర్ట్ నవ్వాడు. లారిసా నవ్వలేదు.

గ్రీట మొదట్నుంచీ చెబుతున్నది ఒకటే మాట. కుర్రాడు డిష్‌ని సరిగా బిగించలేదు, చినూక్ గాలికి అది ఊగుతోంది, ఊగినప్పుడల్లా నెట్ పోతోంది. పడమటి కొండల మీంచి దిగి, గడ్డకట్టిన ఊరిని పూటలో కరిగించేసే ఆ వెచ్చటి గాలి వచ్చినప్పుడే ఈ గొడవంతా అన్నది అందరూ ఒప్పుకున్నదే. ఈ రోజూ అంతే. తెల్లవారుజాము నుంచి చూరు కింద ఈలలు వేస్తోంది. వాకిట్లో నిన్న మోకాలెత్తు ఉన్న మంచు ఇవాళ బురద.

అయితే ఒక్క తేడా ఉంది. నెట్ పోయే వేళకి ఒరెస్ట్ ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి.

అతని మొహంలో భయం కనపడుతుందని చూసిన గ్రీటకి అక్కడ సంబరం కనపడింది. దొంగని గోడ దూకుతుండగా చూసినవాడిలా ఒక్క గెంతున వచ్చి బల్ల కింద దూరాడు. రూటర్ మీద దీపాలు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ బయటికి వినపడేలా లెక్కపెట్టాడు. కంప్యూటర్ బాగానే ఉందట, రూటర్ బాగానే ఉందట, గదిలో తీగలూ బాగానే ఉన్నాయట. బయటి నుంచి రావలసిందే రావడం లేదట.

"కొళాయి బాగుంది. నీళ్ళే రావడం లేదు," అన్నాడు బల్ల కింద నుంచే.

"అయితే కాలువ తెగిందన్నమాట," అన్నాడు రైన్‌డర్. గ్రీట వాళ్ళ చర్చిలో పెద్దమనిషి, పక్క పొలం ఆసామి, నలభై ఏళ్ళుగా ఆమె చేతి కాఫీ తాగుతున్నవాడు. నీళ్ళు కాలువ మీద వచ్చే దేశం కాబట్టి మిగతా ఇద్దరికీ కూడా అప్పుడే విషయం అర్థమైంది.

"కాలువ తెగలేదు, గాలికి ఊగుతోంది," అంది గ్రీట. "కావాలంటే రుజువు చూపిస్తాను."

కాఫీ కూజా బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి, తలుపు పక్కన మేకుకి వేలాడే కేలండర్ తీసుకొచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్న, మొహం కడుక్కోగానే, ఆ రోజు గడిలో పెన్సిల్‌తో వాతావరణం రాయడం ఆవిడ అలవాటు. ఎంత చలి, ఏ వైపు గాలి, మంచు ఎన్ని అంగుళాలు. పాత కేలండర్లన్నీ మంచం కింద బూట్ల పెట్టెల్లో ఉన్నాయి. ఊళ్ళో ఎవరికైనా ఫలానా ఏడు వడగళ్ళు ఎప్పుడు పడ్డాయని పందెం వస్తే గ్రీట ఇంటికే వస్తారు. ఆవిడ పెన్సిల్ రాతకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

నెట్ పోయిన రోజుల్ని ఎవర్ట్ ఒక చీటీ మీద రాసిపెట్టుకున్నాడు. ఒరెస్ట్ ఆ చీటీనీ, కేలండర్‌నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. గ్రీట అతని భుజం మీంచి వంగి, వేలు పెట్టి చూపించింది. జనవరి ఎనిమిది, నెట్ పోయింది, చినూక్. జనవరి పంతొమ్మిది, నెట్ పోయింది, చినూక్. ముప్ఫై, చినూక్.

"చాలా, ఇంకా కావాలా?"

"చాలదు, ఓమా," అన్నాడు ఒరెస్ట్. ఓమా అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ, ఇంట్లో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. అతనూ అంతే, కాకపోతే మీరు అంటాడు. "ఇది చూడండి. జనవరి పన్నెండు. మీరే రాశారు, ఉత్తరపు గాలి, మనిషిని నిలబడనివ్వలేదు, మైనస్ ఇరవై నాలుగు అని. ఆ రోజు నెట్ పోయిందా, బావా?"

ఎవర్ట్ చీటీ చూశాడు. పోలేదు. ఆ రోజు పద్దెనిమిది ఆర్డర్లు ఎక్కించినట్టు అతనికి బాగా గుర్తుంది.

"సరే. ఫిబ్రవరి మూడు. ఆకు కదల్లేదు, ప్లస్ తొమ్మిది, చూరు కారుతోంది. ఆ రోజు?"

ఎవర్ట్ ఈసారి చీటీ చూడలేదు. ఆ రోజే కదా నెట్ పోయి, వచ్చినవాళ్ళని వచ్చినట్టే వెనక్కి పంపింది.

గదిలో అందరూ కేలండర్ మీదకి వంగారు. గాలి ఉండి చలి ఉన్న రోజు నెట్ ఉంది. గాలి లేకుండా వెచ్చగా ఉన్న రోజు నెట్ పోయింది. నేరం గాలిది కాదు. ఇంత తేలికైన సంగతి ఏడు వారాలుగా ఎవరికీ తట్టకపోవడం రైన్‌డర్‌కి మహా సరదాగా అనిపించినట్టుంది, మోకాలి మీద చరుచుకున్నాడు.

"వేడికి పోతోంది," అన్నాడు ఒరెస్ట్ మెల్లిగా, తనలో తను అనుకుంటున్నట్టు. "చలిలో ఉండి, వెచ్చబడగానే ఆగిపోయేది ఈ ఇంట్లో ఏముంది?"

గ్రీట కేలండర్ మీంచి వేలు వెనక్కి తీసుకుంది.

ఏముందో ఆవిడకి తెలుసు. ఈ భూమ్మీద ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. క్రిస్మస్‌కి ముందు ఆవిడ బజారు నుంచి ఒక ప్లగ్గు తెచ్చింది. పెరటి వసారాలో పిల్లుల నీళ్ళ గిన్నె గడ్డకట్టకుండా కింద వేడి చేసే పళ్ళెం ఒకటుంది, దానికోసం. ఆ ప్లగ్గు తెలివైనది. గడ్డకట్టే చలి ఉంటేనే కరెంటు ఇస్తుంది, వెచ్చబడితే తనంతట తనే ఆపేస్తుంది. కరెంటు వృథా కాదని దుకాణం అమ్మాయి చెబితే గ్రీట ముచ్చటపడి కొంది.

వసారాలో గోడకి, అరుగు చాటున, ఉన్నవి రెండే ప్లగ్గు కన్నాలు. ఒకదానికి మాంసం పెట్టె, అంటే ఫ్రీజర్, ఉంది, దాన్ని కదపకూడదు. రెండోదానికి ఒరెస్ట్ పెట్టిన తెల్ల డబ్బా ఉంది, కప్పు మీది డిష్‌కి కరెంటు పంపేది. గ్రీట దాన్ని పీకి, తన తెలివైన ప్లగ్గు పెట్టింది. ఆ ప్లగ్గుకి మళ్ళీ రెండు కన్నాలున్నాయి. ఒకదానికి పిల్లుల పళ్ళెం, ఇంకోదానికి తెల్ల డబ్బా. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. దీపం కూడా పచ్చగానే వెలిగింది. ఆ రోజు మైనస్ పద్దెనిమిది.

ఇప్పుడు గ్రీట తేలుకుట్టిన దొంగలా నిలబడింది. అమ్మ మొహం అలా అయిందేమని ఎవర్ట్ అడిగితే, కాఫీ చల్లారిపోతోందని చెప్పింది.

అదృష్టమో దురదృష్టమో గానీ ఒరెస్ట్ వసారా వైపు పోలేదు. వసారాలో డబ్బాని అతను ఆరుసార్లు చూశాడు, ఆరుసార్లూ చలి మళ్ళీ దిగిన సాయంత్రమే, ఆరుసార్లూ పచ్చ దీపంతో అది అతనికి నమస్కారం పెట్టింది. అందుకని అరుగు చాటునున్న ప్లగ్గు దాకా అతని అనుమానం పోనేలేదు. కప్పు మీద కేబుల్‌కి అతుకు ఒకటి ఉందనీ, చలిలో అది మంచుతో బిగిసి ఉండి, వెచ్చబడితే మంచు కరిగి నీళ్ళు దిగుతున్నాయేమోననీ అన్నాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. రైతులు ముగ్గురూ తలూపారు.

"ఇప్పుడే ఎక్కి చూస్తాను. తడిగా ఉన్నప్పుడే తెలుస్తుంది."

"ఈ గాలిలోనా?" వంటింటి గుమ్మంలో నుంచి లారిసా అడిగింది. మూడు రోజుల్లో గ్రీట చెవిన పడిన ఆమె మొదటి మాట అది. అదీ తనతో కాదు.

ఒరెస్ట్ అప్పటికే కోటు తొడుక్కుని బయటికి వెళ్ళాడు. ఎవర్ట్ నిచ్చెన పట్టుకోవడానికి వెనకే వెళ్ళాడు.

గ్రీట వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. చింతపండు లాంటి నల్ల పిల్లి నీళ్ళ గిన్నె పక్కన ఒళ్ళు విరుచుకుంటోంది. అరుగు మీద తెల్ల డబ్బా, దీపం లేదు. చచ్చిపడి ఉంది. పట్టపగలు ఆ డబ్బాని ఈ ఇంట్లో ఒక్కరూ చూడలేదంటే చూడలేదు. ఆవిడ వంగి, నడుము పట్టుకుని, తెలివైన ప్లగ్గుని గోడ నుంచి పీకింది. తెల్ల డబ్బాని నేరుగా గోడకే పెట్టింది. దీపం వెలిగింది.

అయిపోయింది. ఎవరికీ తెలియనక్కర్లేదు. ఇక మీదట నెట్ పోదు, ఒరెస్ట్ ఉంటాడు, లారిసా మాట్లాడుతుంది. గ్రీట ప్లగ్గుని ఏప్రన్ జేబులో వేసుకుని, దేవుడికో చిన్న దండం పెట్టుకుని ఆఫీసులోకి వచ్చింది.

వచ్చేసరికి రైన్‌డర్ కంప్యూటర్ వైపు వేలు చూపిస్తున్నాడు. వచ్చేసింది, వచ్చేసింది అని మిగతా ఇద్దరూ కిటికీ తట్టి బయటికి సైగ చేస్తున్నారు. ఎవర్ట్ లోపలికొచ్చి చూశాడు. తలుపు తీసి బయటికి కేక వేశాడు.

"ఏం చేశావ్?"

ఒరెస్ట్ నిచ్చెన మూడో మెట్టు మీద ఉన్నాడు. గాలికి కోటు బుడగలా ఉబ్బింది. ఆ క్షణంలో అతను ఏదైనా చెప్పి ఉండొచ్చు. అతుకు సరిచేశానని చెప్పినా నమ్మేవాళ్ళు. అబద్ధం చెప్పే నోరు కాదది.

"ఏమీ చెయ్యలేదు, బావా. ఇంకా పైకే ఎక్కలేదు."

ఎవర్ట్ తలుపు అలాగే తెరిచి వదిలేశాడు. లోపలికొచ్చి కుర్చీలో కూలబడి, చాలాసేపు మొహం రుద్దుకున్నాడు. కోపం లేదు అతనిలో, అలిసిపోయాడంతే. పోవడం ఎందుకు పోతుందో తెలియదు, రావడం ఎందుకు వస్తుందో తెలియదు, ఇలా అయితే విత్తనాల రోజుల్లో నలుగురికీ మొహం ఎలా చూపించాలన్నాడు. ఒరెస్ట్ కష్టపడలేదని అనడం లేదన్నాడు. కానీ అన్న మాట అన్న మాటే అన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని కంపెనీ వాళ్ళ నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

ఒరెస్ట్ నిచ్చెన దిగాడు. నిచ్చెన మడిచి గోడకి ఆనించి వచ్చాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, ఆఫీసు తాళం చెవుల్ని మేకుకి తగిలించాడు. లారిసా తమ్ముడి వైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది.

తను చేసిన ఉపకారం ఎంత అపకారంగా మారిందో అప్పుడు తెలిసింది గ్రీటకి. గుట్టుగా సరిచేసి కుర్రాణ్ణి కాపాడదామనుకుంటే, ఆ గుట్టే అతని మెడకి చుట్టుకుంది. నోరు మూసుకుంటే కంపెనీ వాళ్ళు వస్తారు, ఏదో మారుస్తారు, నెట్ ఇక పోదు, పేరు వాళ్ళకి వస్తుంది. చేతకానివాడన్న పేరు ఒరెస్ట్‌కి మిగులుతుంది. గ్రీటని ఎవరూ ఎప్పటికీ ఏమీ అడగరు. ఆవిడకి సిగ్గేసింది. నిజంగా, ఒంటరిగా, చిన్నపిల్లలా సిగ్గేసింది.

జేబులోంచి ప్లగ్గు తీసి కాఫీ కూజా పక్కన పెట్టింది.

"ఫోన్ పెట్టెయ్ రా, ఎవర్ట్. ఇది నాది. నేనే పెట్టాను. అతని డబ్బాని పీకి దీనికి తగిలించింది నేనే."

చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. పిల్లుల పళ్ళెం, రెండు కన్నాలు, మాంసం పెట్టె, ఇప్పుడు దొంగతనంగా వసారాలోకి వెళ్ళి మార్చి రావడం, అన్నీ చెప్పేసింది. ఒరెస్ట్ బల్ల దగ్గరికి వచ్చి ప్లగ్గుని వెలుగుకి పట్టుకుని, దాని వీపు మీద సన్నటి అక్షరాలు చదివాడు. రెండు డిగ్రీలకి వెలుగుతుందట, ఏడు డిగ్రీలకి ఆరుతుందట. చదివి తల పట్టుకున్నాడు.

రైన్‌డర్ గొంతు సవరించుకున్నాడు. "అంటే గ్రీటా, గడ్డకడితేనే పనిచేసే నెట్ ఈ దేశం మొత్తానికి మన ఊళ్ళోనే ఉందన్నమాట."

ముందు ఒక రైతు నవ్వాడు, తర్వాత ఎవర్ట్ నవ్వాడు, నవ్వకూడదనుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. ఒరెస్ట్ కళ్ళు తుడుచుకుంటూ, తప్పు తనది కూడా ఉందన్నాడు. డబ్బా మీద దీన్ని పీకవద్దు అని ఒక్క ముక్క రాసి అంటించి ఉంటే ఇంత జరిగేది కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కేలండర్ లేకపోతే ఇంకో ఏడాదైనా గాలినే తిట్టుకుంటూ ఉండేవాళ్ళమని కూడా అన్నాడు. తన రాత తనకే శిక్ష వేసినా గ్రీటకి ఆ మాట కాస్త తియ్యగానే తగిలింది.

ఎవర్ట్ ఫోన్ పక్కన పడేసి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తాళం చెవులు తీసుకోమన్నాడు.

ఒరెస్ట్ తీసుకోలేదు.

లారిసా ఒక్కతే ఇందాకటి నుంచీ నవ్వలేదు. ఇప్పుడు వంటింటి గుమ్మం వదిలి వచ్చి, సరిగ్గా అత్తగారి ఎదురుగా నిలబడింది.

"ఇక్కడ చెప్పారు, బాగుంది, ఓమా. కానీ పోయిన ఆదివారం చర్చి అయ్యాక కాఫీల దగ్గర ఏం చెప్పారు? మా లారిసా తమ్ముడు పని రానివాడు, వాళ్ళ పెంపకమే అంత అన్నారు. ఆ మాట ఆరు వందల కిలోమీటర్లు నడిచి మా అమ్మ దగ్గరికి వెళ్ళింది. మంగళవారం రాత్రి ఫోన్ చేసి, నా కొడుకుని అంత మాట అంటుంటే నువ్వేం చేస్తున్నావే అని నన్నడిగింది."

మూడు రోజుల మౌనం తమ్ముడి ఉద్యోగం గురించి కాదని గ్రీటకి ఇప్పుడు తెలిసింది.

"ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది," అన్నాడు ఒరెస్ట్. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ బరువుగా వినిపించింది. "మా అమ్మకి మీరు చెప్పండి. మీ నోటితో. అప్పుడు ఉంటాను."

లారిసా, ఎవర్ట్‌ల పెళ్ళై పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళలో వియ్యపురాళ్ళిద్దరూ క్రిస్మస్‌కి కార్డులు పంపుకున్నారు తప్ప ఒక్కసారి ఫోన్లో మాట్లాడుకోలేదు. పెళ్ళినాడు విందు ఎవరి పద్ధతిలో జరగాలన్న దగ్గర మొదలైన పట్టుదల అది. ముందు నువ్వు పిలవాలంటే ముందు నువ్వు పిలవాలని ఇద్దరూ బిగదీసుకుని కూర్చున్నారు.

రైన్‌డర్ లేచి టోపీ పెట్టుకున్నాడు. మేం మళ్ళీ వస్తాంలే అన్నాడు గానీ కదల్లేదు. మిగతా ఇద్దరూ లేవనైనా లేవలేదు.

గ్రీట కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏప్రన్ సవరించుకుంది. కొడుకు వైపు చూస్తే, అతను తనకేమీ తెలియదన్నట్టు కంప్యూటర్ వైపు తిరిగాడు. తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తు, అది వియ్యపురాలి దగ్గర ఒప్పుకోవడం ఇంకో ఎత్తు.

"నంబరు కలుపు," అంది.

లారిసా తన ఫోన్ తీసి నంబరు కలిపి, అత్తగారి చేతిలో పెట్టింది. పెడుతూ ఆ ముసలి వేళ్ళని ఒక్క క్షణం పట్టుకుంది.

ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. ఎత్తకపోతే బాగుండునని గ్రీట అనుకుంది, వెంటనే ఎత్తితే బాగుండుననీ అనుకుంది.

అవతల ఎత్తారు. కూతురి నంబరు చూసి కాబోలు, ఆ గొంతు ఎంతో ప్రేమగా పలికింది.

"చెప్పమ్మా. తమ్ముడు బాగున్నాడా?"

"లారిసా కాదండీ," అంది గ్రీట. "నేను గ్రీటని. మీ అబ్బాయి బాగున్నాడు. తప్పంతా నాదే."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. వియ్యపురాలు ఫోన్ పెట్టేయలేదు, వింటోంది.